ఎడమ సగం

డడ్లీ హై స్ట్రీట్‌లో కళ్ళజోళ్ళ కొట్టు.
బ్యాడ్జీ మీద మస్తాన్‌బీ పట్టలేదు,
బీ మాత్రం మిగిలింది,
చార్టు అడుగు వరుసలో
అందరూ ఎనిమిదని చదివే అక్షరంలా.

ఇక్కడ నా పని ముక్కులు, చెవులు.
జారే ఫ్రేముకి మెత్తటి దిమ్మలు మార్చడం,
ఒరుసుకునే కాడని వేడి పూసల్లో ముంచి వంచడం,
కనుపాపల మధ్య దూరం స్కేలుతో కొలవడం.
కంటి దాకా వెళ్ళొచ్చు.
పరీక్ష చేస్తే మాత్రం నేరం.

పదకొండేళ్ళు చేశాను.
గుంటూరు మిర్చియార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళని
టిక్కీల మీద కూచోబెట్టి
పూటకి డెబ్బై మందిని.
అక్షరం రానివాళ్ళు మూడు వేళ్ళు చాపి
గీతలు ఎటు తిరిగాయో చూపించేవాళ్ళు.
"కంటి ముందు ఈగలమ్మా" అంటే సరే, రాసుకునేదాన్ని.
"దీపం చుట్టూ రంగుల గాజులు" అంటే
నీటికాసులేమోనని గుండె జల్లుమనేది.

కౌన్సిల్ వాళ్ళ ఉత్తరం ఎంతో మర్యాదగా ఉంటుంది.
మీ దేశపు రిజిస్టరులో మీ సంఖ్య తెలపగలరు,
మీ నడవడిక మంచిదని వారిచేత రాయించి పంపగలరు.
నేను చదివిన రోజుల్లో మాకు రిజిస్టరే లేదు.
లేని పుస్తకంలో నా పేరు లేదని
ఎవరిచేత రాయించను?
కాంతిశాస్త్రం ఎన్ని గంటలు, కాంటాక్ట్ లెన్సులు ఎన్ని గంటలు?
కాలేజీ గుమాస్తా కోటిలింగం గారు
పాత సిలబస్ దుమ్ము దులిపి, గంటలు కూడి,
ఓ చోట తప్పు కూడి, మళ్ళీ కూడి,
ముద్ర కొట్టి కొరియర్ చేశారు.
మిర్చియార్డు గంటలకి గడి లేదు.

మార్చిలో ఓ మంగళవారం ఆల్ఫ్ పార్క్స్ వచ్చాడు.
ఎనభై ఒకటి. గొలుసుల కార్ఖానాలో సుత్తి పట్టిన చేతులు.
తలుపు చెక్కకి భుజం తగిలింది, ఎడమది.
కౌంటరు మూలకి మోకాలు తగిలింది, అదీ ఎడమే.
గోడంతా ఫ్రేములుంటే
కుడివైపు నుంచే తీస్తాడు, అక్కడే పెడతాడు.
"ఇంతేనా, బ్యాబ్, మీ దగ్గర?"
బ్యాబ్ అంటే ఈ ఊళ్ళో తల్లీ అన్నట్టు.
నాకెప్పుడూ బాబు అనే వినపడుతుంది.

ఎడమ గోడకి నూట నలభై ఫ్రేములు.

స్కేలు పట్టుకుని ఆగిపోయాను.
వేలు ఊపి "ఇది కనపడుతుందా?" అనడానికి
ఎంతసేపు?
చెయ్యి లేచింది. దించాను.
లోపల హ్యూకి చెప్పాను. ఇరవైనాలుగేళ్ళ వెల్ష్ కుర్రాడు,
నేను ఏదైనా చూశానంటే చూశానని
సంతకం పెట్టాల్సినవాడు.
"ఆయనకి రెండు కళ్ళలోనూ ఎడమ సగం లేదు.
అద్దాలు తర్వాత. ఫీల్డు తియ్యి, ఇప్పుడే."
"నీకెలా తెలుసు?"
"గోడ చెప్పింది."

తీశాడు. కాగితం మీద సగం
మసిగుడ్డతో తుడిచినట్టు నలుపు.
సాయంత్రానికి ఆల్ఫ్ ఆసుపత్రిలో ఉన్నాడు.
రికార్డులో హ్యూ పేరు, హ్యూ నంబరు.
అలాగే ఉండాలి, నేనైనా అలాగే రాస్తాను.
ఆ రాత్రి అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

ప్రాక్టికల్ జూన్‌లో.
పక్క గది ఇఫెయోమా నైట్ డ్యూటీ నర్సు,
తెల్లారి వచ్చి కుర్చీలో కూలబడుతుంది.
"చూసుకో. నిద్రపోతే తిట్టకు."
పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చిన రెటినోస్కోప్
ఆమె కంట్లో నిప్పురంగు గీతని
అటూ ఇటూ ఊడుస్తుంది.
ఆమెకి నంబరొచ్చి ఆరేళ్ళు.
నంబరొస్తే ఏమవుతుందని అడిగాను.
"అదే పని, బీ. కాకపోతే తిట్లు నేరుగా నీకే."

మేలో ఆల్ఫ్ మళ్ళీ వచ్చాడు,
హ్యూకి ఓ బిస్కెట్ల డబ్బాతో.
మెడ తిప్పడం నేర్పారట ఆసుపత్రిలో.
బిగిసిన మర తిప్పుతున్నట్టు
నెమ్మదిగా, నెమ్మదిగా ఎడమకి తిప్పాడు.
"అబ్బో! ఇవన్నీ ఎప్పుడు పెట్టారు, బ్యాబ్?"

ఆయన ముక్కు దిమ్మలు మారుస్తూ
ఎప్పటినుంచో ఉన్నాయన్నాను.